బూడిద రంగు తువ్వాళ్ళు

కడిగిన కారును ఎలా ఆరబెట్టాలో ఈ ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరని నమ్మిన రోజుల్లో, నేను ఒక మనిషికి ఉన్న పనిని పోగొట్టాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది. మంట తగ్గాక రాద్దామని ఏడాది ఆగాను. తగ్గలేదు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

ఈ ఊరి ఉక్కు ప్లాంటులో నాది పలకల తనిఖీ విభాగం. మిల్లు నుంచి వచ్చి చల్లారిన పలక మీద పగులు, పొలుసు, గీత ఏదైనా ఉందేమో చూసి, దాన్ని బయటికి పంపవచ్చో లేదో తేల్చి సంతకం పెట్టడం నా పని. పైనుంచి నిటారుగా వెలుగు పడితే ఏ పలకైనా బాగానే కనిపిస్తుంది. టార్చిని దాదాపు పలకకు ఆనించి వెలుగును ఏటవాలుగా పారిస్తే, వెంట్రుకంత గీత కూడా తన నీడను పరుచుకుని బయటపడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే చేస్తున్నాను. గిన్నెలనూ మనుషులనూ కూడా అలాగే చూడడం అలవాటైందని మా ఆయన అంటారు. ఆయన బడిలో లెక్కల మాస్టారు. పుట్టి పెరిగింది ఈ హిందీ ఊళ్ళోనే కాబట్టి ఆయన తెలుగులో సగం హిందీ ఉంటుంది.

సెక్టర్ 7లో మా క్వార్టరు. కారు ముదురు నీలం. ముదురు రంగు నిలబెట్టుకోవడం కష్టమని కొన్న చోటే హెచ్చరించారు. కష్టమైన దాన్ని సరిగ్గా చేసి చూపించడం నాకు ఇష్టం కాబట్టి అదే కొన్నాను.

కారు రంగు మీద పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. నిగనిగలన్నీ దానివే. దాని మందం తలవెంట్రుక మందంలో ఇంచుమించు సగం. దాన్ని పాడుచేసేది కడగడం కంటే తుడవడమే ఎక్కువ. కడిగేటప్పుడు గుడ్డకూ రంగుకూ మధ్య సబ్బునీరు ఉంటుంది. తుడిచేటప్పుడు ఆ నీరు తగ్గిపోతూ వస్తుంది, చెయ్యి బరువు పెరుగుతుంది, మిగిలిపోయిన ఒక్క రేణువైనా సరే గుడ్డతోపాటు రంగు మీద ఈడ్చుకుపోతుంది. పోనీ తుడవకుండా వదిలేద్దామా అంటే మా బోరు నీళ్ళు ఆరిన చోటల్లా తెల్లటి వలయాలు మిగులుస్తాయి. ఎండలో రెండు వారాలు ఉంటే ఆ వలయాలు పొరను తినేస్తాయి. అందుకని తుడవాలి, కానీ పద్ధతిగా తుడవాలి.

ఆ పద్ధతి నేను తయారుచేశాను. కారు నీడలో ఉండాలి. చివరిసారి నీళ్ళు పోసేటప్పుడు పైపుకున్న నాజిల్ తీసేసి, ధారను టాపు మీద నెమ్మదిగా వదలాలి. అప్పుడు నీరు చుక్కలుగా విడిపోకుండా దుప్పటిలా జారిపోతుంది, చాలావరకు దానంతటదే దిగిపోతుంది. మిగిలిన తడి మీద మెత్తని మందపాటి తువ్వాలు పరిచి, అరచేత్తో అద్ది, ఎత్తెయ్యాలి. రుద్దకూడదు. తువ్వాలును నాలుగు మడతలు పెడితే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒకటి బరువెక్కగానే మరొకటి తిప్పుకోవాలి. తలుపుల కింది అంచులకు వేరే గుడ్డ. అద్దాల వెనకనుంచి ఆలస్యంగా కారే నీటికి ఇంకొకటి.

ఈ పద్ధతిని నేను నేర్పింది మా వీధిలో కార్లు కడిగే మనిషికి. యాభై అయిదేళ్ళు ఉంటాయి. ఉండేది ప్లాంటు కూలీల కోసం వెలిసిన క్యాంప్ 1లో. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపునుంచి ప్లాంటు కట్టేటప్పుడు వచ్చారట. తెలుగువాడే అయినా వీధంతా ఆయన్ని భయ్యా అనే పిలిచేది. మా కారుతో కలిపి ఎనిమిది కార్లు ఆయనవి. పొద్దున అయిదున్నరకు వచ్చి పదింటికల్లా ముగించి, బకెట్టు సైకిలుకు తగిలించుకుని వెళ్ళిపోయేవాడు. తుడవడానికి పాత తెల్ల పంచెలు చింపి, ఇంట్లో ఉతికి మడతపెట్టి, పాలిథిన్ సంచిలో తెచ్చుకునేవాడు.

ఆ పంచె ముక్కలు నా కారుకు వద్దన్నాను. దసరా వెళ్ళాక నాలుగు మందపాటి తువ్వాళ్ళు తెప్పించి ఇచ్చాను. బూడిద రంగువి. మాసినా తెలియదని ఆ రంగు ఎంచుకున్నాను. ఆయన ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రంగు గుడ్డేటమ్మా? తెల్లదైతే మురికుందో లేదో అదే సెప్తాది."

"ఇది దీనికోసమే నేసిన గుడ్డ భయ్యా. నూలు గుడ్డ గరుకు."

"మీ ఇష్టం. మీ బండి, మీ గుడ్డ."

నా కారు ఆదివారం, బుధవారం మాత్రమే కడగాలి. తువ్వాళ్ళు మా ఇంట్లోనే ఉంటాయి. వాటిని నేనే విడిగా ఉతికి పెరట్లో తీగ మీద ఆరేస్తాను. మిగతా ఏడు కార్లకు ఆయన తన పంచె ముక్కలే వాడుకున్నాడు.

మార్చి నెలలో ఒక ఆదివారం ఉదయం. కారు తుడవడం అప్పుడే అయింది. ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడుతోంది. ఆ మెరుపు చుట్టూ సాలెగూడులా సన్నని గీతలు కనిపించాయి. లోపలికి వెళ్ళి టార్చి తెచ్చాను. ఎడమ తలుపు మీద, డిక్కీ మీద, టాపు మీద ఉన్నాయి. ఎదురింటి కారు కడుగుతున్న భయ్యాని పిలిచాను. ఎదురింటాయన ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆయన పేపరు దించారు.

"భయ్యా, ఇది ఏమిటి?"

"ఏటమ్మా?"

"ఇక్కడికి వచ్చి చూడు. వెలుగు పడిన చోట."

భయ్యా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వంగి చూశాడు. "గీతలే. సన్నంగున్నాయి."

"ఎలా వచ్చాయి?"

"నాకేటి తెలుస్తాదమ్మా. మీరు సెప్పినట్టే అద్దేను. రుద్దలేదు."

"అద్దితే గీత పడదు. గీత పడాలంటే లాగాలి. నేను లేనప్పుడు లాగి తుడిచావు."

"లేదమ్మా. ఆ గుడ్డ..."

"గుడ్డ మీద నెట్టకు. గుడ్డ ఇచ్చింది నేను."

"ఏమ్మా, శాంపిల్ ఫెయిల్ అయిందా?" అన్నారు ఎదురింటి అంకుల్, నవ్వుతూ. పక్కింటి వరండాలోకి ఇద్దరు వచ్చి నిలబడ్డారు. చూసేవాళ్ళు ఉన్నారని తెలిసి నేను గొంతు పెంచాను. పెంచానని ఇప్పుడు రాస్తుంటే పళ్ళు కొరుక్కుంటున్నాను.

"అబద్ధం చెబుతున్నావు భయ్యా. చేసింది చేశానని చెప్పు, అక్కడితో అయిపోతుంది. అబద్ధం చెబితే మాత్రం నేను ఊరుకోను."

భయ్యా భుజం మీదున్న నా తువ్వాలు తీసి, నేను నేర్పినట్టే నాలుగు మడతలు పెట్టి, మా గేటు మీద పెట్టాడు. ఎదురింటి కారు సగంలో ఉంటే వెళ్ళి అది పూర్తిచేశాడు. తర్వాత బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను అక్కడితో ఆగలేదు. ఆ మధ్యాహ్నం టార్చి వెలుగులో ఆరు ఫోటోలు తీసి, వాటికి నంబర్లు వేసి, గీతలున్న చోట బాణం గుర్తులు పెట్టి, వీధివాళ్ళ ఫోన్ గ్రూపులో పంపాను. కింద ఒక పేరా రాశాను. లోపం: పైపొర మీద గీతలు. కారణం: తుడిచే విధానంలో నిర్లక్ష్యం. సూచన: ఎవరి వాహనాలు వారు తనిఖీ చేసుకోవలసింది.

మా ఆయన నా భుజం మీదుగా చదివారు.

"రిపోర్ట్ బన్ గయీ, తయారైపోయిందా? ఇక మన కారుకి హీట్ నంబర్ కూడా కొట్టెయ్, పలకలకి కొట్టినట్టు."

"నవ్వులాట కాదు."

"నేనూ నవ్వట్లేదు. అతని బయాన్ తీసుకున్నావా, అతనేమంటాడో రాసుకున్నావా? ప్లాంటులో అయితే ఆపరేటర్‌ని అడక్కుండా ఫైల్ మూస్తావా నువ్వు?"

"ఇది ప్లాంటు కాదు," అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట నేను నా జీవితంలో అనలేదు.

ఆ సాయంత్రం ఏడిళ్ళవాళ్ళూ ఫోన్ల టార్చిలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. అందరి కార్లకూ గీతలు దొరికాయి. దొరకవా మరి. ఏనాడైనా ఒక్కసారి గుడ్డ తగిలిన ప్రతి కారుకూ గీతలుంటాయి. వాళ్ళవి చాలావరకు తెల్లవి, వెండి రంగువి కాబట్టి పదేళ్ళయినా కనబడలేదు. ఎలా వెతకాలో నేను నేర్పాను. దొరికింది ఎప్పటిదో, ఎవరు చేసిందో తేల్చడం వేరే పని అని మాత్రం చెప్పలేదు. లోపం కనబడడం, కారణం తెలియడం రెండూ ఒకటి కావని కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెప్పేదాన్ని నేను. అలాంటిదాన్ని ఫోటో కింద కారణం రాసి పంపాను. మంగళవారానికి ఎనిమిది కార్లలో ఒక్కటి కూడా ఆయనది కాదు.

తర్వాత జరిగింది వరుసగా చెబుతాను. బానెట్ మీద గీతలను మెషీనుతో పాలిష్ చేయించాను. పాలిష్ అయిన చోట జానెడు చదరానికి చుట్టూ కాగితపు టేపు అంటించి, టార్చి వేసి చూశాను. లోపల ఒక్క గీత లేదు. ఆ తర్వాత మూడు ఆదివారాలు నేనే కడిగి, నా పద్ధతిలో, నా తువ్వాళ్ళతో నేనే ఆరబెట్టాను. అద్దడమే, లాగడం లేదు. మూడో ఆదివారం ఆ చదరంలో పదకొండు గీతలు లెక్కపెట్టాను. పొట్టివి, గోరంత పొడవు. తడిసి బరువెక్కిన తువ్వాలును ఎత్తేటప్పుడు అది ఎంతో కొంత జరుగుతుంది. ఆ కాస్త జరుగుడుకే పడిన గీతలు అవి.

ఈ పదకొండు గీతలు వేసింది నేనే కాబట్టి, ఈసారి నా అనుమానం ముందు నీళ్ళ మీదికి పోయింది. బోరు నీళ్ళను తెల్లగుడ్డలో వడకట్టాను. ఏమీ లేదు. అప్పుడు తువ్వాలు తీసుకున్నాను. చూపుకు శుభ్రంగా ఉంది. ఒక అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి తువ్వాలు మీద మెల్లగా రాశాను. పైకి ఎత్తేసరికి కవరుకు నల్లటి నూగు అంటుకుని ఉంది, గొంగళిపురుగు వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని. భూతద్దం కింద చూస్తే ఒక్కొక్క రేణువూ పదునుగా, కోణాలు తేలి ఉంది. ఇనుము.

మా పెరటి తీగ ప్లాంటు వైపు ఉంది. గాలి అటునుంచి వీచిన రోజు ఏం రాలుతుందో ఈ ఊరి ఆడవాళ్ళందరికీ తెలుసు. మా అమ్మ తెల్లబట్టలను తిరగేసి ఆరేసేది. తీసేటప్పుడు ఒక్కొక్కదాన్ని మూడుసార్లు విదిలించకుండా మడతపెట్టేది కాదు. ఇప్పటికీ సెక్టర్లలో మధ్యాహ్నం మూడు దాటితే ప్రతి పెరట్లోనూ ఆ చప్పుడు వినిపిస్తుంది. నేనూ చొక్కాలు, చీరలు, దుప్పట్లు అన్నీ విదిలిస్తాను. తువ్వాళ్ళను విదిలించలేదు. విదిలిస్తే మెత్తని పోగులు సాగుతాయని ఎక్కడో చదివాను. పైగా ఆదివారం ఉతికినవి బుధవారం దాకా, బుధవారం ఉతికినవి ఆదివారం దాకా అవి తీగ మీదే ఉండేవి. మందపాటి గుడ్డ, పట్టిన ధూళిని వదలని గుడ్డ. మాసినా తెలియని రంగు.

ఇక్కడ సిగ్గుపడ్డానని రాయాలి. సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది కోపమే. ఆ తువ్వాళ్ళు నాలుగింటినీ నేలకేసి కొట్టాను. పద్దెనిమిదేళ్ళు పలకల మీద గీతలు పట్టుకున్న కళ్ళు, చేతిలో ఉన్న గుడ్డను చూడలేదు. నేను చేయమన్నది నేను చేయమన్నట్టే చేసిన మనిషిని నడివీధిలో అబద్ధాలకోరు అన్నాను.

అదే గ్రూపులో, అదే పద్ధతిలో, దిద్దుబాటు పంపాను. అయస్కాంతం ఫోటో, భూతద్దం ఫోటో, తీగ ఫోటో. పాత రిపోర్టులో రాసిన కారణం తప్పని, తప్పు పూర్తిగా నాదని, ఆయన్ని మళ్ళీ పిలవవలసిందని రాశాను. నాలుగు బొటనవేళ్ళు వచ్చాయి. రెండు నమస్కారాలు వచ్చాయి. ఒకరు మంచి సమాచారం మేడమ్ అన్నారు. ఇంకొకరు ఆ తువ్వాళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. ఆయన గురించి ఒక్కరూ ఒక్క మాట రాయలేదు.

అప్పటికి ఏడు కార్లకూ వేరే మనిషి కుదిరాడు. మోటారు పంపు తెస్తాడు, చప్పుడుగా కడుగుతాడు, ఏడింటినీ ఒకటే గుడ్డతో తుడుస్తాడు. ఆ గుడ్డ నేల మీద పడడం, దాన్ని తీసి మళ్ళీ అదే బండి తుడవడం నా కళ్ళారా చూశాను. ఎదురింటికి వెళ్ళాను.

"అంకుల్, భయ్యాని మళ్ళీ పిలుద్దాం."

"అరే, ఛోడో అమ్మా, వదిలెయ్. ఇతను సెట్ అయిపోయాడు. ఎవడో ఒకడు తుడుస్తాడు, బండి నడుస్తుంది."

"ఆ గుడ్డ నేల మీద పడింది."

"నా పాత బండికి అదే ఎక్కువ," అని నవ్వారు. నా అభియోగం రెండు రోజుల్లో ఏడు ఇళ్ళను కదిలించింది. నా దిద్దుబాటు రెండు వారాల్లో ఒక్క ఇంటిని కూడా కదిలించలేదు. రెండింటి మీదా ఒకే చేతిరాత, ఒకే సంతకం. మొదటిది నమ్మడానికి వాళ్ళకు ఏ శ్రమా లేదు. రెండోది నమ్మితే ఏదో ఒకటి చెయ్యాలి.

శనివారం మధ్యాహ్నం క్యాంప్ 1కి వెళ్ళాను. ఇరుకు సందులో ఆయన ఇల్లు కనుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి చూసింది.

"మీరేనా ఆ టార్చిలైటు మేడమ్?"

"ఆ. నేనే."

"ఇంకా సీకటడ్లేదు కదమ్మా. లైటు తేలేదేటి?"

భయ్యా ఎక్కడున్నాడని అడిగాను. ఆమె కాసేపు గింజలు తీసి, నేను కదలకపోయేసరికి చెప్పింది. "కోహ్కాలో ఉన్నాడు, రోడ్డు మీద బళ్ళు కడిగే కాడ. రాత్రి ఏడయితేగాని రాడు. మీ పున్నెమే."

ఊరి చివర కోహ్కాలో, బళ్ళు కడిగే షెడ్డు ముందు రెండు ఆటోలు, ఒక చిన్న లారీ, పదిహేను దాకా మోటారు సైకిళ్ళు ఉన్నాయి. ఆయన లారీ కింద బురద కొడుతున్నాడు. పొద్దుటినుంచి నీళ్ళలో నానిన పాదాలు తెల్లగా ముడతలు పడ్డాయి. ఆయనలో సగం వయసు కూడా లేని యజమాని కుర్చీలోంచి, "ఏ బుడ్ఢే, జల్దీ కర్," అని, ముసలోడా తొందరగా కానియ్యమని, అరిచాడు. నాకు ఆ కుర్చీని తన్నాలనిపించింది. ఆయన్ని ఆ కుర్చీ ముందు నిలబెట్టింది ఎవరో నాకు తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

"భయ్యా, తప్పు నాది. తువ్వాళ్ళలో ఇనప ధూళి ఉంది. మీరు రుద్దలేదు."

"ఈయాల 'మీరు' అంటన్నారేటమ్మా, కొత్తగా?" పైపు వదలలేదు, నా వైపు చూడలేదు. "ధూళి సంగతి నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదట్నించీ. నాను ఈ ఊర్లోనే పుట్టేను కదా. ఆ తీగ మీద గుడ్డారేస్తే ఏటవుద్దో సంటిపిల్లకి కూడా తెలుసు. మీరిచ్చిన గుడ్డ మూడు పాలి జాడించి, పిండి, అప్పుడు అద్దేవోణ్ణి. సంక్రాంతెల్లిన కాడ్నించి మీరు జాడించొద్దన్నారు."

గుర్తొచ్చింది. జనవరిలో ఒక ఉదయం ఆయన తువ్వాలును కుళాయి కింద జాడిస్తుంటే కిటికీలోంచి కేకేశాను. తడిగుడ్డ నీళ్ళు పీల్చదు, పొడిగుడ్డతోనే మొదలుపెట్టాలి అని. మూడు నెలలు నా కారును గీతలు పడకుండా కాపాడింది ఆయన చేసిన ఆ పని. దాన్ని ఆపింది నేను. ఆపిన రెండు నెలలకు గీతలు కనిపించాయి. తేదీలతో సహా అంత స్పష్టంగా ఉన్న వరుసను నేను ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు.

"అప్పుడే చెప్పొచ్చు కదా భయ్యా."

ఆయన పైపు కట్టేసి అప్పుడు చూశాడు. "సెప్పబోయేను. గుడ్డ అన్నాను. గుడ్డ మీద నెట్టకన్నారు. మరేటి సెప్తాను?"

"గ్రూపులో రాశాను, మీ తప్పేమీ లేదని."

"ఆ గ్రూపులో నానున్నానేటి?"

"లేరు."

"మరింకేటి. నన్ను తిట్టింది ఫోన్లోనేటమ్మా? నడివీదిలో. అందరూ సూస్తండగా అబద్దాలోడన్నారు. ఏడిళ్ళ కాడకీ వచ్చి, నోటితో సెప్పండి. నాను పక్కనుంటాను."

"వస్తాను. అయస్కాంతం కూడా తెచ్చి అందరికీ చూపిస్తాను."

ఆయన మొదటిసారి నవ్వాడు. మంచి నవ్వు కాదు. "అయస్కాంతమొద్దమ్మా. మీరు సైన్సు సెప్తే ఆల్లు సైన్సే ఇంటారు, నా సంగతి మర్సిపోతారు. 'నాను అబద్దమాడేను, ఈ మడిసి ఆడలేదు.' అంతే సెప్పండి."

"నేను అబద్ధం ఆడలేదు భయ్యా. పొరబడ్డాను."

"మరి పొరబడ్డాడనే మాట నాకెందుకు ఎట్టలేదు?"

మర్నాడు ఆదివారం పొద్దున రమ్మన్నాను, ఆయన చెప్పమన్నట్టే చెబుతానని. యజమాని మళ్ళీ అరిచాడు. ఆయన పైపు విప్పాడు.

ఆదివారం ఎనిమిదింటికి ఆయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. బకెట్టు తేలేదు. మొదటి ఇంటి దగ్గర నేను, "తువ్వాళ్ళలో ధూళి చేరడం వల్ల," అని మొదలుపెట్టాను. ఆయన దగ్గాడు. నేను ఆపి, చెప్పవలసింది చెప్పాను. ఆ ఇంటావిడ, "అరే, ఇంత చిన్న విషయానికి పొద్దున్నే ఇంత దూరం ఎందుకొచ్చారు భయ్యా? రేపట్నుంచి వచ్చెయ్యండి," అంది. ఆమెకు చిన్న విషయం. చిన్న విషయమైతే రెండు నెలలు ఎందుకు పట్టిందని అడగబోయి, నోరు మూసుకున్నాను.

ఆరు ఇళ్ళలో మూడు ఒప్పుకున్నాయి. రెండు ఇళ్ళవాళ్ళు చూద్దామన్నారు, అంటే లేదని. ఒక ఇంట్లో టీవీ వినబడుతోంది, తలుపు తెరుచుకోలేదు. చివరికి ఎదురింటి అంకుల్ దగ్గరికి వెళ్ళాం. చెప్పాను. ఆయన పేపరు మడిచారు.

"నువ్వు చెప్పావని తీసేశాం. ఇప్పుడు నువ్వే చెబుతున్నావని పెట్టుకోవాలా అమ్మా? నా బండి పదేళ్ళు బాగానే ఉంది. నువ్వు టార్చి వేశాకే దానికి గీతలొచ్చాయి."

"మీ బండి గీతల్లో ఒక్కటైనా ఇతను వేసిందని మీకు తెలుసా అంకుల్?"

"తెలీదు. నీకు తెలుసనుకున్నాను."

ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. ఆయనే భయ్యా వైపు తిరిగారు.

"పాత పంచెలే తెస్తావా, లేక నువ్వు కూడా సైన్స్ నేర్చుకున్నావా?"

"పంచెలే బాబూ."

"అయితే రేపు రా."

మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాం. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"నాలుగు. నాలుగుకి ఆ కోహ్కా పని ఒగ్గలేను. అయిదుంటే ఒగ్గేద్దును."

"అయిదోది నాది."

ఆయన నా కారు వైపు చాలాసేపు చూశాడు. వద్దంటాడనే అనుకున్నాను. అంటే అది న్యాయమే. అనాలని కూడా ఒక క్షణం కోరుకున్నాను, లెక్క అక్కడితో తెగిపోతుంది కదా అని.

"నా గుడ్డతోనే తుడుస్తాను," అన్నాడు. "నాకు తెలిసినట్టు తుడుస్తాను. నానున్నంత సేపూ మీరు ఇంట్లోనే ఉండాలి. గేటు కాడకి రాకూడదు. కిటికీలోంచి కేకెయ్యకూడదు. అయినాక టార్చీ ఎయ్యకూడదు. ఒప్పుకుంటే సెప్పండి."

"టార్చి కూడానా?"

"అదే ముందు."

ఒప్పుకున్నాను.

బుధవారం ఉదయం ఆరింటికి గేటు చప్పుడైంది. నేను వంటింట్లో కిటికీ రెక్కలు మూసి, గడియ పెట్టి, స్టౌ ముందు నిలబడ్డాను. నీళ్ళు పడుతున్నాయి, టాపు మీద, తర్వాత అద్దం మీద. నాజిల్ తీశాడో లేదో చప్పుడును బట్టి చెప్పగలను. చెప్పకూడదని స్టౌ మీద నీళ్ళ గిన్నె పెట్టాను, అది మరిగే చప్పుడు వింటే చాలని. కాసేపటికి బయట నీళ్ళు ఆగాయి. ఇక తుడుస్తున్నాడు. ఏమీ వినబడడం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గట్టు పట్టుకున్నాను.

మా ఆయన టీ కోసం వచ్చి, మూసిన కిటికీని, నన్ను చూశారు.

"దేఖ్ కే ఆఊఁ? నేను చూసి రావచ్చు కదా, షరతు నీకే కదా."

"వద్దు. కూర్చోండి," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, ఆయన కుర్చీ కూడా లాక్కోకుండా పీట మీదే కూర్చున్నారు.